సముద్రగర్భములోని పగడపుతోటలు

మొన్న శ్రావణమాసమునకు ముందు నా నల్లపూసలదండ తెగినది. మా యమ్మాయి దానిని క్రొత్తదారమున గ్రుచ్చుచు, నడుమ వచ్చెడి పగడములను రెంటిని అరచేత నుంచుకొని, “అమ్మా, ఇది రాయా? కాయా?” అని యడిగెను. రాయియు గాదు, కాయయు గాదు. కండ్లకు కనబడీ కనబడని చిన్నిప్రాణులు వేలకొలది చేరి కట్టుకొన్న యిల్లు అని చెప్పితిని. అంతలో వారు బడినుండి వచ్చి, అమ్మాయి ప్రశ్న విని, పటముల పుస్తకము తెఱచి మధ్యధరాసముద్రమును చూపిరి. మన మంగళసూత్రములలోని యెఱ్ఱపగడము ముఖ్యముగా నక్కడిది. ఎన్నో శతాబ్దములుగా నది యోడలపై మనదేశమునకు దిగుమతి యగుచున్నది.

దానిని పూర్వ మెట్లు తీసెడివారో కూడ వారు చెప్పిరి. రెండు దూలములను కత్తెరగా కట్టి, వానికి పాతవలల పేలికలు వ్రేలాడదీసి, నడుమ బరువు కట్టి, పడవవెంట సముద్రపుటడుగున నీడ్చెడివారట. వలకు చిక్కి పైకి వచ్చినది కొంత; విఱిగి యడుగుననే పడి పాడైనది మఱికొంత. ఈ పరికరమును ఐరోపాదేశముల కూటమి 1994లో నిషేధించినది.

అమ్మాయి యంతయు విని, పగడమును వ్రేళ్లతో త్రిప్పుచు, “అయితే ఈ పూసకోసం తోటంతా దున్నేశారా?” అనెను. ఆ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. నా మెడలోని పూస యెన్ని కొమ్మల మూల్యమో నాకెట్లు తెలియును? ఆలోచించిన కొలదియు, ఆ ప్రశ్న పగడములతో ముగియునది కాదని తోచినది. నేడు లోకమున పగడములకొఱకు సముద్రపుటడుగు నీడ్చువారు కొలదిమందియేగాని, చేపలకొఱకు ఈడ్చువారు అనేకులు గలరు. చేప కోట్లమందికి ఆహారము, లక్షలమందికి జీవనము. అడుగున నున్న తోటలు పోయిన మరల వచ్చునవి కావు. ఈ రెంటికిని పొందిక కుదురునా? సోదరీమణులారా, ఆ విషయమునే నాకు తెలిసినంతవఱకు మీకు మనవి చేయబూనితిని.

పగడపుతోట లనగానే మనకు లక్షద్వీపములును, వెచ్చని తేటనీటిలో మెఱయు రంగురంగుల చేపలును స్మరణకు వచ్చును. కాని సూర్యకిరణము సోకని చీకటిలో, చేయి పెట్టిన కొంకర్లు పోవు చల్లని నీటిలో గూడ పగడములు పెరుగును. అందులకు నార్వేదేశపు తీరము ప్రసిద్ధము. అచ్చటి పగడము తెల్లనిది, లేదా లేతగులాబివన్నెది. ఆ దేశస్థులు దానిని “కంటిపగడ” మందురు. ట్రాండ్‌హైము నగరపు క్రైస్తవమతాచార్యుడును, ప్రకృతిశాస్త్రజ్ఞుడును అయిన గున్నెరస్ అను నతడు 1768లోనే తన దేశపు పగడములనుగూర్చి వ్రాసెను. కావున వీని సంగతి క్రొత్తది కాదు. వీని విస్తారము మాత్రము ఇటీవలనే తెలియవచ్చినది.

నార్వే నడిమితీరమున సూలా యను చోట పదికిలోమీటర్లకు మించిన పొడవున నొక తోట కలదు. ఉత్తరమున లోఫోటెన్ దీవుల కొసను రోస్ట్ అను చిన్నదీవు లున్నవి. అచ్చటివారు చలికాలమున కాడ్ అను చేపను పట్టి, కొయ్యదడులపై నెండగట్టి, ఇటలీ మొదలగు దేశములకు పంపుదురు. ఆ దీవులకు పడమట 2002లో నొక మహావనము బయటపడినది. మూడునాలుగువందల మీటర్ల లోతున, రమారమి నలువది కిలోమీటర్ల పొడవున, మూడుకిలోమీటర్ల వెడల్పువఱకు నది వ్యాపించియున్నది. అంత వెలుతురులేని లోతున ఆకుపచ్చని మొక్క పెరుగదు. ప్రవాహమున కొట్టుకొనివచ్చు సూక్ష్మజీవులే ఈ పగడములకు గ్రాసము. కొమ్మ యేడాదికి కొన్ని మిల్లీమీటర్లు మొదలు రెండున్నర సెంటీమీటర్లవఱకు పెరుగును. పాతకొమ్మలు చచ్చి పునాదియగుచుండ, వానిపై క్రొత్తకొమ్మలు లేచుచుండును. ఈ విధముగ మంచుయుగము గడచినది మొదలు నేటివఱకు, ఎనిమిదివేల యేండ్లకు పైగా పెరిగిన దిబ్బలు అచ్చట గలవు. మన వేదవాఙ్మయముకంటెను అవి ప్రాచీనములు.

ఈ తోటలు కేవలము శోభకొఱకైనవి కావు. కొమ్మలసందున స్పంజులు, పీతలు, నక్షత్రమత్స్యములు, మఱి యెన్నియో జీవులు కాపురముండును. చేపలు వానిచుట్టును చేరును. ఎఱ్ఱచేప యను జాతియందు ఆడుచేప గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. గర్భముతోనున్న యా చేపలు పగడపుచెంతల విశ్రమించియుండగా శాస్త్రజ్ఞులు కెమెరాలద్వారా చూచిరి. పురిటికి పుట్టినింటికి వచ్చిన యాడుబిడ్డవలె అవి అచ్చట చేరుటకు కారణము పూర్తిగా నిర్ధారణ కాలేదు. అయినను, పగడములచెంత గాలములు వేసి చూడగా నెఱ్ఱచేపలు హెచ్చుగాను, పెద్దవిగాను పడినవని మాత్రము పరీక్షలవలన తేలినది.

ఇక వల సంగతి. అడుగువల, మనవారి వాడుకలో ట్రాలువల, పెద్దసంచివంటిది. దాని నోరు తెఱచియుండుటకై ఇరుప్రక్కల రెండు పెద్ద యినుపపలకలు కట్టుదురు. వానిని తలుపులందురు. పెద్ద యోడల కైనచో ఒక్కొక్క తలుపు కొన్ని టన్నుల బరువుండును. వలనోటి క్రిందిత్రాడునకు రబ్బరుచక్రములో, ఇనుపగుండ్లో కట్టుదురు. వానివలన వల రాళ్లకు తగిలి చినుగక, వానిపై దొర్లుచు పోగలదు. ఓడ ఈ వలను గంటలకొలది యీడ్చును. మెత్తని బురదనేలపై నది చాళ్లు తీయును. పగడములపై పోయినచో రోకలి తాకిన గాజులగంపవలె సర్వము నుగ్గగును.

నార్వేలో ఒడ్డుదాపుననున్న చేప చాలక, 1980ల ప్రాంతమున పెద్ద ట్రాలుయోడలు లోతట్టు అంచులకు సాగినవి. చక్రములు కట్టిన వలలు వచ్చినందున రాతినేలలు గూడ వానికి సుగమములైనవి. అప్పుడు మొట్టమొదట గోడుచెప్పినవారు పండితులు కారు. గాలపుత్రాళ్లు, నిలువువలలు వేసెడి చిన్నజాలరులు. పగడములున్నచోట చేప యుండునని వారు తాతలనాటినుండి యెఱుగుదురు. ట్రాలుయోడ పోయిన తరువాత ఆ తావులలో తమ గాలములకు చేప పడుటలేదని వారు చెప్పిరి. బెర్గెన్ నగరమందలి సముద్రపరిశోధనసంస్థవారు ఆ మాట ఆలకించి, జాలరుల జ్ఞాపకములను పోగుచేసి, నీటిలోనికి కెమెరాలను దింపి చూచిరి. తోటలుండవలసినచోట విఱిగిన మొండెములును, ఈడ్చినచాళ్లును కనబడినవి. నార్వేతీరమందలి యిట్టి పగడపుతోటలలో నూటికి 30 మొదలు 50 వఱకు దెబ్బతినియుండునని వారు అంచనా కట్టిరి.

ప్రభుత్వము ఆలస్యము చేయలేదు. 1999లో, పగడములను తెలిసి పాడుచేయరాదని శాసించి, సూలాతోటపై అడుగువలలను నిషేధించినది. ఐరోపాలో నిట్టి శీతలజలపు పగడములకు శాసనరక్షణ కల్పించిన మొదటిదేశము నార్వేయే. 2002లో కనుగొనబడిన రోస్ట్‌తోటకు 2003లోనే రక్షణ లభించినది. ఆ పిదప సముద్రపుటడుగును సక్రమముగా చిత్రించు పనిని 2005లో ఆరంభించి, నేటికిని సాగించుచున్నారు. ఏది యెక్కడ నున్నదో యెఱుగనిదే దేనిని కాపాడగలము?

ఇంతవఱకు చదివిన సోదరీమణులు, “అయినచో ఆ పాడువలలను సముద్రమంతటను మాన్పించరాదా?” యని యడుగవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని రెండవపక్షమును వినక తీర్పు చెప్పుట ధర్మము కాదు. అడుగువలపై ఆక్షేపణ నేటిది గాదు. ఇంగ్లండులో 1376 ప్రాంతముననే మూడవ యెడ్వర్డురాజు పార్లమెంటునకు కొందఱు విన్నపము చేసికొనిరి. సన్నకన్నుల బరువువలలు సముద్రపుటడుగునగల పూలను, పిల్లచేపలను నాశనము చేయుచున్నవనియు, పడిన చిఱుచేపలు పందులకు మేతగా పోవుచున్నవనియు వారి మొఱ. ఆ మొఱ విని ఆఱువందల యేండ్లకు పైబడినను అడుగువల నిలిచియేయున్నది. ఎందుచేతనన, అది యొక్కసారి తెచ్చునంత చేపను మఱియొకటి తెచ్చుట కష్టము. నార్వే యుత్తరపుటూళ్లలో చేపను కోసి ముక్కలుచేయు కర్మాగారములలో చిరకాలము పనిచేసినవారిలో స్త్రీలే హెచ్చు. ఆ కర్మాగారములకు ఏడాది పొడుగునను చేప నందించినవి ట్రాలుయోడలే. వల యాగిన ఆ తల్లుల పొయ్యి మండుట యెట్లు? మెత్తని యిసుకనేలపై, తరతరములుగా నీడ్చిన తావున మరల నీడ్చుటకును, ఎన్నడును వల తగులని తోటపై మొదటిసారి ఈడ్చుటకును గల భేదమును గూడ మనము గ్రహింపవలెను. మొదటిది దున్నినపొలమును మరల దున్నుట. రెండవది దేవతావనమును నఱకుట.

ఈ భేదమునే లోకము మెల్లమెల్లగా నంగీకరించుచున్నది. 2006లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ, ఏ దేశమునకును చెందని నడిసముద్రమున అడుగువేట చేయువారు ముందుగా దానివలని హానిని విచారించుకొనవలెననియు, పగడములవంటివి ఎదురైనచో వేట నాపి తొలగిపోవలెననియు కోరినది. ఐరోపాకూటమి 2016లో తన జలములలో 800 మీటర్లకు దిగువ అడుగువలను పూర్తిగా నిషేధించినది. 

ఇందు తొలగిపోవు నియమమున నొక లోపము కలదు. వలలో పగడపుకొమ్మ వచ్చినపుడుగదా ఓడవానికి తెలియుట! అప్పటికే అడుగున జరుగవలసిన హాని జరిగిపోవును. పైగా విఱిగినదంతయు వలలో నిలువదు. చాలభాగ మడుగుననే యుండిపోవును. గుడ్డివాడు కుండలకొట్టున నడచి, చప్పుడు విని యాగినట్లు. కావున దీపము ముందుండవలెను, అడుగు తరువాత పడవలెను. నార్వేవారి చిత్రణము అట్టి దీపము.

పొందిక పేరిట జరుగు పొరపాట్లనుగూర్చి కూడ రెండుమాటలు చెప్పవలెను. న్యూజీలండు 2007లో పదునేడు ప్రదేశములలో, రమారమి పదునొకండు లక్షల చదరపు కిలోమీటర్లలో, అడుగువలలను నిషేధించినది. లెక్కకు చూడ అది మహాత్యాగము. కాని అందు పెక్కుభాగము వల దిగజాలని లోతునను, చేప యంతగా లేనిచోటను ఉన్నదని శాస్త్రజ్ఞులు విమర్శించిరి. మన యిండ్లలో పిల్లలెవ్వరును తినని కూరను కాశిలో వదలివచ్చితిమని చెప్పుకొన్నచో, అది యెట్టి వైరాగ్యము? దీనికి వ్యతిరేకమైన పొరపాటును కలదు. ఐరోపాకూటమి 2022లో 400 మొదలు 800 మీటర్ల లోతునగల 87 ప్రదేశములను మూసినప్పుడు, ట్రాలువలలతోబాటు గాలపుత్రాళ్లను గూడ మాన్పించినది. స్పెయినుదేశపు గాలపుజాలరులు, తాము చేయని నేరమునకు తమకును శిక్షయా యని మొఱపెట్టిరి. గాలపుత్రాడును పగడములకు చిక్కి కొమ్మలను విఱుచుననుట నిజమే. అయినను ట్రాలువలతో దానికి సామ్యము లేదు. అపరాధమునకు తగిన దండమే న్యాయమని మన ధర్మశాస్త్రములు ఘోషించుచున్నవి గదా.

ఇంతకును మూలమైన విచారణ యొక్కటి. పోయినది మరల వచ్చునా, రాదా? దీనికి ఆస్ట్రేలియాదేశపు టాస్మేనియా ప్రాంతము మంచి దృష్టాంతము. అచ్చట సముద్రగర్భపు కొండలపై ఆరెంజి రఫీ యను చేపను 1980ల తుదినుండి విస్తారముగ పట్టిరి. ఆ చేప రమారమి ముప్పది యేండ్లకుగాని యీడునకు రాదు. రెండువందల యేండ్లకు మించి బ్రతుకగలదు. ముత్తవ్వలను, మునిమనుమరాండ్రను ఒక్కవలలో నెత్తినట్లుగ పట్టుటచే కొలదియేండ్లలో చేప తఱిగిపోయినది. 2006లో తూర్పుభాగపు వేట నాపిరి. చేప కొంతకోలుకొనినదని లెక్కలు తేలిన పిదప 2015లో మితముగ మరల ననుమతించిరి. ఆ కొండలపై పగడముల స్థితి మాత్రము వేఱు. 1990లలో చూడగా, వల తగులని కొండలు పగడములతో నిండియుండెను. వల దొర్లిన కొండలు బోడిరాళ్లై యుండెను. 1999లో కొన్నికొండలకు రక్షణ యిచ్చిరి. వేట యాగి పదేండ్లు గడచినను, బోడికొండలపై పగడము తిరిగివచ్చు చిహ్నములు స్పష్టముగ కనబడలేదు.

దీనినిబట్టి నాకు బోధపడినది ఇది: చేప వడ్డీ, అడుగునేలయందలి తోట యసలు. వడ్డీని మితముగ తిన్నవాడు బ్రతుకును. ఒక యేడు హెచ్చుగ తిన్నను, మఱుయేడు కడుపు కట్టుకొని సరిదిద్దుకొనవచ్చును. అసలును తిన్నవానికి అట్టి యుపాయము లేదు. ఇల్లాలికి ఈ లెక్క యెవరును నేర్పనక్కఱలేదు. ఎంత కఱవు వచ్చినను విత్తనపుగాదె తలుపు తెఱువని అవ్వలు మన యిండ్లలో నుండిరి. తక్కిన గాదెలను పంచుకొనుటలోనే పొందిక. విత్తనపుగాదెను పంచుకొనుట పొందిక కాదు. కావున చిరకాలముగ దున్నిన మెత్తనినేలలపై వేటకు అనుమతింపవచ్చును. క్రొత్తతావున వల దింపగోరువాడు, అచ్చట తోట లేదని ముందు చూపవలెను. తోటలుగలచోటును సంపూర్ణముగ మూయవలెను. మూయుటవలన ఎవరి కూడు పోవునో వారికి ప్రజలసొమ్మునుండి ఆసరా చూపవలెను. లోకమంతటికిని మేలుచేయు త్యాగమును కొందఱు జాలరులే మోయుట న్యాయము కాదు.

మన తీరమున కిందు సంబంధమేమి యని తోచవచ్చును. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరబోట్ల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని యీ యేర్పాటు. ఆ దినములకు జాలరికుటుంబములకు ప్రభుత్వము కొంత భృతి నిచ్చుచున్నది. ఇది యుత్తమమైన ఆచారమే. కాని ఇది కాలమునుబట్టిన నిషేధము. ఏటేట పిల్లలను పెట్టు చేపకు రెండునెలల విరామము ప్రాణాధారము. వేయేండ్లకు పెరిగిన దానికి రెండునెలలు రెప్పపాటైనను కాదు. దానికి స్థలమునుబట్టిన నిషేధము కావలెను. మన వేట నానాటికి లోతట్టునకు సాగుచున్నది. బంగాళాఖాతపు లోతులలో కాపాడదగిన తావులేవో వలలు పోకముందే తెలిసికొనుట వివేకము. నార్వేవారు తోటలలో చాలభాగము దెబ్బతినిన పిదప మేల్కొనిరి. మనము వారి యనుభవమువలన ముందే మేల్కొనవచ్చును. ఈ పనిలో మన జాలరిసోదరులను, గంపతలనెత్తుకొని వచ్చెడి జాలరిసోదరీమణులను అడిగి తెలిసికొనవలసినది చాల గలదు. నార్వేలో మొదట నిజము చెప్పినది గాలము వేసిన చేయియేగదా.

అమ్మాయి దండ గ్రుచ్చుట ముగించి నా చేతికిచ్చినది. ఆ పగడములు మా యత్తగారు ఇచ్చినవి. ఆమెకు వారి యత్తగారు ఇచ్చిరి. వీనిని నేను తీసివేయను. ఉన్నవానిని భద్రముగ కాపాడి, దాని పెండ్లినాటికి దానికే యిత్తును. క్రొత్తవి మాత్రము కొనను. అమ్మాయితో ఆ మాట చెప్పగా, కొంతసేపాలోచించి, “అయితే చేపలు తినేవాళ్లు ఏం చేయాలి?” అని యడిగినది. మా యింట చేప వండము గావున బదులు చెప్పుట నాకు సులభము. సులభమైన బదులు గనుకనే నోటికి రానీయలేదు. చేపతో సంసారము గడచు నిల్లాండ్రు, పట్టినచేపను అమ్ముకొను తల్లులు ఈ వ్యాసమును చదివినచో, వారే మంచి బదులు చెప్పగలరు. దానిని ఈ పత్రికకు వ్రాసి పంపుదురని ఆశించుచున్నాను.